ల్యాప్‌టాప్ ప్రకటనలో "ర్యామ్ పెంచుకోలేరు" అని పెద్దక్షరాల్లో ఎందుకు వేయరు?

హనుమకొండ డీటీపీ:
హనుమకొండలో మాది డీటీపీ షాపు. కాకతీయ యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, పెళ్లి కార్డులు, పాంప్లెట్లు, పొద్దుందాకా ఇదే పని. ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయను. పేపర్లో పేజీ నిండా ప్రకటన వేశారు. పక్క నుంచి తీసిన ఫొటోలో మెషీన్ స్కేలు బద్దంత సన్నగా ఉంది, దాని కింద బ్యాటరీ ఇన్ని గంటలని పెద్దక్షరాలు. 8 జీబీ ర్యామ్ (తెరిచిన పనులన్నీ నడవడానికి వాడే మెమరీ) చాలదని నాకు తెలుసు. పాతదానికి వేయించినట్టే దీనికీ ఇంకో 8 వేయిద్దామనుకున్నాను.

300 పేజీల థీసిస్, ఫొటోషాప్, బ్రౌజర్ మూడూ తెరిస్తే కర్సర్ ఆగి ఆగి కదులుతోంది. సబ్మిషన్ రోజు, పిల్లవాడు కౌంటర్ ముందు నిలబడి టైం చూసుకుంటుంటే నా చేతులు వణికాయి. విండోస్‌లో ఉండే టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర చూస్తే, ర్యామ్ ఏ రూపంలో ఉందో చెప్పే ఫామ్ ఫ్యాక్టర్ లైనులో 'రో ఆఫ్ చిప్స్' అని ఉంది. వెనక మూత తీయిస్తే ర్యామ్ కార్డు దూర్చే స్లాటే లేదు. నాలుగు నల్ల చిప్పులు బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉన్నాయి. ఈ మాట ప్రకటనలో చెప్పే బాధ్యత కంపెనీకి లేదా?

కాజీపేట బీటెక్:
అన్నా, వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్స్ చూస్తే 'ఆన్‌బోర్డ్' అనో 'సోల్డర్డ్' అనో చాలావరకు రాస్తారు. ప్రకటన పని మనలో ఆశ పుట్టించడం వరకే. 1984 జనవరి 22న అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ మ్యాచ్ మధ్యలో యాపిల్ కంపెనీ మెకింతోష్ కంప్యూటర్ ప్రకటన వచ్చింది. అందులో మెషీన్‌నే చూపించలేదు. అయినా జనం ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటారు.

హనుమకొండ డీటీపీ:
తమ్మీ, ఆ మెకింతోష్ సంగతే చూడు. 2,495 డాలర్ల మెషీన్‌లో 128 కేబీ ర్యామ్, అదీ బోర్డుకే సోల్డరింగ్. సెప్టెంబరుకల్లా 512 కేబీది వచ్చింది. జనవరిలో డబ్బు పోసి కొన్నవాళ్లకు ఎంత బాధ అయి ఉంటుంది? ప్రకటన బాగుందని మనం మెచ్చుకుంటున్నాం, కొన్నవాడిని ఎవరూ తలుచుకోరు.

రిపేరు బెంచీ, వరంగల్:
నా దగ్గరికి ర్యామ్ పెంచమని వచ్చి, మూత తీశాక మొహం చిన్నబుచ్చుకుని వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. కంపెనీ మోసం చేస్తోందని మాత్రం నేననను. బోర్డు మీదే ఉండే ఎల్‌పీడీడీఆర్ అనే రకం ర్యామ్ కరెంటు తక్కువ తింటుంది, స్లాటుకు చోటూ అక్కర్లేదు. 2008 జనవరిలో యాపిల్ స్టీవ్ జాబ్స్ కాగితం కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించారు కదా, అందులోనూ 2 జీబీ ర్యామ్ బోర్డుకే ఉంది. అలా చేశారు కాబట్టే అంత సన్నగా వచ్చింది. లాభం చెప్పిన నోటితోనే దాని ఖర్చూ చెప్పాలన్నది నా మాట.

బ్యాటరీ గంటలకూ అంతే. యాపిల్ వాళ్లు ఎం1 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్‌కు 18 గంటలన్నారు. అది సినిమా చూసినప్పటి లెక్క, బ్రైట్‌నెస్ కింది నుంచి 8 నొక్కుల దగ్గర పెట్టి. నెట్ వాడితే 15 అని వాళ్లే రాశారు, కానీ జనం గుర్తుపెట్టుకునేది 18నే.

ములుగు టీచర్:
మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరుతోంది. ఆదివారం ల్యాప్‌టాప్ కొనడానికి వరంగల్ వస్తున్నాం. షాపులో ఏమని అడగాలి అన్నా?

హనుమకొండ డీటీపీ:
అక్కా, "ర్యామ్ ఎంత" అని అడిగి ఊరుకోవద్దు. "ఖాళీ స్లాట్ ఉందా, మొత్తం ఎంతవరకు పెంచొచ్చు" అని అడగండి. పెంచొచ్చంటే ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. స్లాట్ లేదంటే 16 జీబీదే తీసుకోండి, నాలుగేళ్లు వాడాలి కదా. డెమో పీస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి నేను చెప్పిన ఫామ్ ఫ్యాక్టర్ లైను మీరే చూడండి. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే, ఖాళీ స్లాట్ కూడా ఉందని చూపించేదాకా సేల్స్ అబ్బాయి మాట నమ్మొద్దు.