అమెరికాలో టావర్ నల్లజాతివారికి తక్కువగా అందడానికి మెడికేర్ షరతులే కారణమా?

కవాటం:
2011-16 మధ్య అమెరికా జాతీయ రిజిస్ట్రీకెక్కిన 70,221 టావర్ కేసుల్లో (ఛాతీ కోయకుండా, ఎక్కువగా తొడ రక్తనాళం గుండా అయోర్టిక్ వాల్వ్ పెట్టే పద్ధతి) తెల్లవారు 91.3 శాతం, నల్లవారు 3.8. జనాభాలో నల్లవారు 13 శాతం దాకా ఉన్నారు. మెడికేర్ (వృద్ధులకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆసుపత్రులకు పెట్టిన షరతులే దీనికి మూలమని నా వాదన. 2019లో సడలించాక కూడా, కొత్తగా మొదలుపెట్టే ఆసుపత్రికి ముందు ఏడాది 50 ఓపెన్ హార్ట్ సర్జరీలు, రెండేళ్లలో 20 అయోర్టిక్ వాల్వ్ కేసులు, ఏటా 300 యాంజియోప్లాస్టీలు ఉండాలి. పేదల పేటలో ఉన్న ఆసుపత్రి ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తుంది?

లెక్కల మాస్టారు:
కవాటం గారూ, 13తో పోల్చడమే తప్పు. టావర్ చేసేది స్టెనోసిస్‌కు, అంటే అయోర్టిక్ వాల్వ్ ఇరుకైపోవడానికి; ఇది ముసలితనపు జబ్బు. 65 దాటినవారిలో నల్లవారు సుమారు 9 శాతమే. పైగా ఒక పెద్ద ఆసుపత్రి రికార్డుల్లో తీవ్రమైన స్టెనోసిస్ తెల్లవారిలో 0.91 శాతం, నల్లవారిలో 0.29. అంటే మూడో వంతు. 9లో మూడో వంతు 3. మరి 3.8లో అన్యాయం ఎక్కడుంది?

ఎకోగది:
మాస్టారూ, ఆ 0.29 జబ్బు ఉన్నవాళ్ల లెక్క కాదు, జబ్బు బయటపడినవాళ్ల లెక్క. నల్లవారిలో వాల్వ్ మీద కాల్షియం కొంత తక్కువన్నది నిజమే. కానీ తీవ్రమని తేలినవారిలో కూడా వాల్వ్ మార్పిడి నల్లవారికే తక్కువ జరుగుతోందని ఒకటికి మించి అధ్యయనాలు చూపించాయి. దానికి మీ భాగహారం జవాబు చెప్పదు.

అసలు తేలకుండా పోయేది ఎకో (గుండె అల్ట్రాసౌండ్) బల్ల మీదే. తీవ్రం అనాలంటే వాల్వ్ గుండా రక్తం వేగం సెకనుకు 4 మీటర్లు లేదా ఎక్కువ, సగటు గ్రేడియంట్ (వాల్వ్‌కు అటూ ఇటూ ఒత్తిడి తేడా, పాదరసం మి.మీ.లలో) 40 లేదా ఎక్కువ, వాల్వ్ వైశాల్యం 1 చదరపు సెం.మీ. లేదా అంతకు తక్కువ. బీపీ 170 ఉండగా ఎకో తీస్తే గ్రేడియంట్ 32 దగ్గరే ఆగిపోవచ్చు. బీపీ నల్లవారిలో ఎక్కువన్నది తెలిసిందే. వైశాల్యం 0.8 అని పక్కనే కనబడుతున్నా రిపోర్టులో 'మోడరేట్' అని రాసేస్తారు, రోగి ఇంటికి వెళ్లిపోతాడు. ఇంకో తప్పు: వాల్వ్ కింది దారి వ్యాసం 2.0 సెం.మీ. ఉంటే 2.2 అని కొలవడం. వ్యాసాన్ని వర్గం చేస్తాం కాబట్టి వైశాల్యం 21 శాతం ఉబ్బుతుంది, 0.9 కాస్తా 1.09 అవుతుంది.

అంకెలు పొసగకపోతే బీపీ దించి మళ్లీ తీయాలి. కుడి ఛాతీ పక్కనుంచి పెన్సిల్ ప్రోబ్‌తో కూడా వేగం చూడాలి. గుండె పంపింగ్ తగ్గి ఉంటే డోబ్యుటమైన్ (గుండెను గట్టిగా కొట్టించే మందు) ఇచ్చి ఎకో, బాగుంటే రంగుమందు లేని సీటీలో కాల్షియం స్కోరు: ఆడవారికి 1200, మగవారికి 2000 దాటితే తీవ్రమే అనుకోవచ్చు.

కవాటం:
అయితే షరతుల తప్పేమీ లేదంటారా?

ఎకోగది:
ఉంది, కానీ అది రెండోది. అదే రిజిస్ట్రీలో టావర్ అయినవారిని చూస్తే ఆసుపత్రిలో మరణాలు జాతిని బట్టి మారలేదు. ఆపరేషన్ బల్లదాకా వచ్చినవాడికి తేడా లేదు, రానివాడిదే గొడవ. కేసులు తక్కువున్న చోట కొత్త కేంద్రం తెరిస్తే డాక్టర్ల చేతి అలవాటు తగ్గి, ఆ పేటవాళ్లే దెబ్బతింటారు.

లెక్కల మాస్టారు:
రిపోర్టుల సంగతి ఒప్పుకుంటాను. అన్నట్టు, అదే పట్టికలో ఆసియా, ఆదివాసీ అమెరికన్, పసిఫిక్ దీవుల వాళ్లందరినీ కలిపి 1.5 శాతం అని ఒకే గంపలో వేశారు. మన తెలుగువాళ్లు అందులో ఎంతమందో చెప్పే గడే లేదు. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలు, అమెరికాలో పనిచేసిన రికార్డు లేకపోతే, వరసగా 5 ఏళ్లు ఉంటేగానీ మెడికేర్ కొనుక్కోలేరు. కానీ ఈ జబ్బు అన్నేళ్లు ఆగదు: లక్షణాలు మొదలైన తీవ్ర స్టెనోసిస్‌కు వైద్యం అందకపోతే రెండేళ్లలో సగంమంది పోతారు.