సంఘం మా హాల్లోనే, మరి పిల్లలకు ఇల్లేది?

మావారు మరో రెండు కుటుంబాలతో కలిసి కొత్త క్రైస్తవ సంఘం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఆదివారం ఆరాధన, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ప్రార్థన, అన్నీ మా హాల్లోనే. సేవంటే నాకు విసుగు లేదు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ మొన్న కాలింగ్ బెల్ మోగగానే మా ఏడేళ్ల బాబు బొమ్మలన్నీ గబగబా మంచం కిందికి తోసేసి, "అమ్మా, ఈరోజు కూడా మెల్లగా మాట్లాడాలా?" అన్నాడు.

సొంత ఇంటిని చక్కదిద్దుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూసుకుంటాడని బైబిల్లో 1 తిమోతి 3వ అధ్యాయంలో పౌలు అడిగింది మావారికి గుర్తుచేశాను. కాదనలేదు. భోజనం మధ్యలో ఫోన్ మోగితే లేచి వెళ్లడం మాత్రం మానలేదు.

ఇలాంటి సేవలో ఉన్నవాళ్లు వారానికి ఒక్క రోజైనా ఇంటికే ఎలా మిగుల్చుకుంటున్నారు? వచ్చేవాళ్లు నొచ్చుకోకుండా ఆ సంగతి ఎవరు చెప్పాలి, ఆయనా, నేనా?