కాటనుం తం భగీరథం: ‘ను’నా, ‘న’నా?

గోదారిగట్టు: మా తాతగారు రేవులో సంకల్పం అయ్యాక, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మీద ఒక శ్లోకం చదివేవారు. “నిత్యగోదావరీస్నాన పుణ్యదో యో మహమతిః, స్మరామ్యాంగ్లేయదేశీయం...” ఆ తర్వాత “కాటనుం తం భగీరథం” అనేవారా, “కాటనం తం” అనేవారా? రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. పెద్దలు చెప్పండి.

హలంతం: ముందు రెండో పాదం సరిచేసుకోండి. మహమతిః కాదు, మహామతిః. పాదానికి ఎనిమిది అక్షరాలుండే అనుష్టుప్పులో ఆరో అక్షరం గురువు. ఇక మీ ప్రశ్న. కాటన్ నకారాంతం. ద్వితీయలో ‘అం’ చేరితే కాటనం. ‘నుం’ ఎక్కడిదండీ?

చాటువులపిచ్చి: నకారాంతమే అయితే రాజన్‌కి రాజానం వచ్చినట్టు కాటానం రావాలి కదా మాస్టారూ! మన నోరు హల్లు దగ్గర ఆగదు. బ్రౌను, స్టేషను, కాటను. ఆ ఉకారాంతానికే శంభుం, గురుం లాగా కాటనుం అయింది. దొరగారు తెలుగు గడప తొక్కాకే సంస్కృతంలోకి వెళ్ళారు.

హలంతం: కాటానం అని ఎవరూ అనలేదు. ‘నం’ అయినా ‘నుం’ అయినా గురువే. ఛందస్సు ఎటూ సాక్ష్యం చెప్పదు.

కోనసీమకోడలు: మా మామగారు “పుణ్యతోయో మహామతిః” అంటారు. తోయం అంటే నీరే కదా, గోదావరికి అదే బాగుంది.

హలంతం: బాగానే ఉంటుంది, ‘యో’ ఎగిరిపోతుంది. ‘యః’ (ఎవడైతే) లేకపోతే నాలుగో పాదంలో ‘తం’ (అతణ్ణి) ఎవరి కోసం? అయినా పుణ్యతోయః అంటే పుణ్యజలాలు కలవాడు. దొర చెరువు కాదమ్మా.

పాకలవారబ్బాయి: అందరూ విభక్తి పట్టుకుని వేలాడుతున్నారు, అసలు ప్రాతిపదిక సంగతి చూడరే? ఈ కాటన్‌కీ పత్తికీ చుట్టరికం లేదు. బట్ట కాటన్ అరబ్బీ ‘కుతున్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు కాటన్ పాత ఇంగ్లీషు ‘కోట్’ నుంచి వచ్చింది. కోట్ అంటే పాక. దాని బహువచనానికి విభక్తి చేరితే ‘కోటుం’, అంటే పాకల దగ్గర. చెషైర్, ష్రాప్‌షైర్ వైపు కాటన్, కోటన్ అనే ఊళ్ళున్నాయి. ఊరి పేరే ఇంటిపేరైంది, మనలాగే. తెలుగులో చెప్పాలంటే వాళ్ళు కూడా పాకలవారే!

కానీ పాకల్లో ఉండిపోలేదు. ఎనిమిదో హెన్రీ మఠాలు రద్దు చేసినప్పుడు చెషైర్‌లోని కూంబర్‌మియర్ మఠం సర్ జార్జ్ కాటన్‌కి దక్కింది. 1677లో బారనెట్ హోదా, అంటే తరతరాలకీ వచ్చే ‘సర్’ బిరుదు. మన దొరకి తాతగారు సర్ లించ్ కాటన్, నాలుగో బారనెట్. పెదనాన్న కొడుకు స్టేపుల్టన్ కాటన్ 1826లో భరత్‌పూర్ కోట పట్టి, మరుసటి ఏడు వైకౌంట్ కూంబర్‌మియర్ అయ్యాడు. ఆస్తీ బిరుదూ పెద్దకొడుక్కే పోయే దేశం. మన ఆర్థర్ పదో కొడుకు. ఇక మద్రాసు ఓడ ఎక్కక ఏం చేస్తాడు?

చాటువులపిచ్చి: ‘కోటుం’! చివర ‘ఉం’ అక్కడే ఉంది! కాటనుం గెలిచింది.

హలంతం: అది చతుర్థికి దగ్గరి విభక్తి. ఇక్కడ కావలసింది ద్వితీయ. సంబరపడకండి.

లైబ్రరీపురుగు: పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్ రాతప్రతి దాచింది కూడా ఒక కాటనే, సర్ రాబర్ట్. 1731లో ఆ గ్రంథాలయానికి నిప్పంటుకుంటే అంచులు కాలి బయటపడింది.

పాకలవారబ్బాయి: ఆయన హంటింగ్‌డన్‌షైర్ కాటన్. పాకలున్న ప్రతి ఊళ్ళోనూ ఒక కాటన్ పుడతాడు. అందరినీ ఒకే గోత్రంలో కలపకండి. పత్తికి చుట్టరికం లేదన్నాను గానీ, బేరారు (ఇప్పటి విదర్భ) పత్తి పడవల మీద దిగుతుందన్న ఆశతో ఎగువ గోదావరి కాలువల పథకాన్ని వెనకేసుకొచ్చింది మాంచెస్టర్ మిల్లులవాళ్ళే. పేరు తప్పించుకున్నా పత్తి వదల్లేదు.

గోదారిగట్టు: చాలా తెలిసింది, థాంక్సండీ. ఇంతకీ ‘నుం’నా, ‘నం’నా?

కోనసీమకోడలు: నాకో సందేహం. భగీరథుడు తెచ్చింది గంగని. గోదావరిని తెచ్చింది గౌతముడు. పోలిక తప్పు కాదా?

హలంతం: మంచి ప్రశ్న. “కాటనుం తం చ గౌతమం” అన్నా లక్షణం సరిపోయేది. కవిగారు తొందరపడ్డారు.

చాటువులపిచ్చి: కవి తొందరపడలేదు. గౌతముడు నదిని తెచ్చాడు, అంతే. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో దొర చేసింది ఉన్న నదిని ఎండిన పొలాల మీదికి నడిపించడం. బూడిదకి ప్రాణం పోయడం భగీరథుడి పనే. పైగా మీరే ‘కాటనుం’ అన్నారు, గమనించారా?

హలంతం: ఉదాహరణ కోసం అన్నాను.

చాటువులపిచ్చి: నా బాధల్లా శ్రీనాథుడి గురించి. పంట కృష్ణవేణమ్మ కొట్టుకుపోయిందని, ఏడువందల టంకాలు ఎట్లా కట్టనని ఏడ్చాడే! బెజవాడ ఆనకట్ట వచ్చింది 1855లో. నాలుగు వందల ఏళ్ళు ఆలస్యం. ఆ చాటువులో “గొడ్డేరి మోసపోతి” అన్నచోట ‘గొడ్డేరి’ అంటే గొడ్డు నేల కౌలుకి తీసుకుని అని నా అభిప్రాయం.

లైబ్రరీపురుగు: ‘ఏరి’కి కౌలు అర్థం ఎక్కడుంది? ఏరుకుని, అంటే ఎంచుకుని. గొడ్డు నేలని ఎంచుకుని మోసపోయాడు.

చాటువులపిచ్చి: కవిసార్వభౌముడు గొడ్డు నేలని ఏరి కోరి ఎంచుకుంటాడా? వేరే చర్చ పెట్టండి, అక్కడ తేల్చుకుందాం.

గోదారిగట్టు: ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. తాతయ్య ‘నుం’ అనలేదట, ‘నం’ కూడా అనలేదట. “కాటన్ దొరం భగీరథం” అనేవాడట.

కోనసీమకోడలు: దొరం! 😀

హలంతం: అక్షరాలు లెక్కపెట్టాను. సరిగ్గా ఎనిమిదే ఉన్నాయి.