పిత్రార్జితంలో ఆ దీర్ఘం ఎక్కడిది?

నీలిసిరా: మా లెక్చరర్ ఒకరు రోగనిరోధక శక్తి పాఠంలో బోర్డు మీద రాసిన వాక్యం రెండు రోజులుగా వదలడం లేదు. "ఈగది పిత్రార్జితం, చేపది స్వార్జితం." దాని కిందే, పుట్టాక సంపాదించుకునే రక్షణకు "అర్జిత నిరోధకత" అని రాశారో, "ఆర్జిత" అని రాశారో గుర్తు రావడం లేదు. ఏది సరి?

సంధిప్రియ: అర్జితమే. స్వార్జితంలో దీర్ఘం సంధిది, మాటది కాదు.

పాతపుటలు: మరి పితృ, అర్జితం కలిస్తే యణాదేశం వచ్చి "పిత్రర్జితం" కావాలి కదండీ. అలా ఎవరంటారు? ఆర్జించడం, ఆర్జనపరుడు... తెలుగులో అన్నీ దీర్ఘంతోనే.

సంధిప్రియ: అది పితృ కాదు, "పిత్రా". తండ్రి చేత అర్జితం. అక్కడా సవర్ణదీర్ఘమే.

పాతపుటలు: సమాసంలో విభక్తి లోపించదా? విభక్తి నిలిచిపోయే అలుక్ సమాసమంటే ఒప్పుకోను.

సూక్ష్మదర్శిని: నాకు అసలు వాక్యంతోనే పేచీ. ఈగ సంగతి సరే. ఫంగస్ సోకితే టోల్ జన్యువు ద్వారా ఈగ తనను కాపాడుకుంటుందని 1996లో తేలింది. అది తరతరాలుగా వచ్చిన ఆస్తే. కానీ చేపకు ఆ పాత ఆస్తి కూడా ఉంది. పైగా దవడలున్న చేపలూ మనమూ జన్యు ముక్కలను కత్తిరించి అతికించి యాంటీబాడీలు చేసుకుంటాం. దవడల్లేని లాంప్రే అనే చేప పూర్తిగా వేరే రకం ప్రోటీన్లతో అదే పని చేస్తుంది. ఒకే అవసరానికి రెండు దారులు! నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇంకోటి, సంపాదించినది స్వార్జితమే గానీ సంపాదించే నేర్పు పిత్రార్జితం.

నీలిసిరా: "తినగ తినగ వేము తియ్యనుండు" అని వేమన చెప్పింది ఇదే కదా?

సూక్ష్మదర్శిని: కాదండీ. వేము అలవాటైతే చేదు తగ్గుతుంది. ఇక్కడ అదే సూక్ష్మజీవి రెండోసారి వస్తే స్పందన పెరుగుతుంది.

పాతపుటలు: పైగా ఆ పద్యం సాధన గురించి. మూడో పాదం "సాధనమున పనులు" అనే మొదలవుతుంది. వేమనను అన్నిటికీ లాగొద్దు, ఆయన మాట బరువు తగ్గుతుంది. సరే, బాక్టీరియాకు ఏ మాట వాడతారు?

సూక్ష్మదర్శిని: క్రిస్పర్ అనే రక్షణ వ్యవస్థ ఉన్న బాక్టీరియా, దాడి చేసిన వైరస్ డీఎన్‌ఏ ముక్కను సొంత డీఎన్‌ఏలో దాచుకుంటాయి. ఆ కణానికి స్వార్జితం, పిల్లకణాలకు పిత్రార్జితం.

సంధిప్రియ: రెండు మాటల్లోనూ దీర్ఘం సంధిదే. సమాసంలో కాకుండా విడిగా "ఆర్జితం" ఉన్న పాత ప్రయోగం ఒక్కటి చూపండి.

పాతపుటలు: ముందు మీరు "పిత్రర్జితం" చూపండి.