అన్నం మానాలా, తగ్గిస్తే చాలా? మెల్లగా బరువు తగ్గడం అయ్యే పనేనా?

పర్లాకిమిడి చిన్నోడు:
అందరికీ నమస్తే. మా అమ్మకి బీపీ వచ్చింది. డాక్టరు గారు బరువు తగ్గాలన్నారు, తొందరపడకుండా తిండి అలవాట్లు మార్చుకుని మెల్లగా తగ్గమన్నారు. మా బావ (మేనమామ కొడుకు) మాత్రం అన్నం పూర్తిగా మానేసి, రెండు పూటలా డబ్బాలో వచ్చే పౌడరు పాలల్లో కలుపుకుని తాగితే నెలకి ఏడు కిలోలు పోతాయంటున్నాడు. ఆ డబ్బాలు అమ్మేది కూడా తనే. అమ్మ చద్దన్నం మీద పెరిగిన మనిషి, అన్నం మానమంటే ఏడుపొక్కటే తక్కువ. అన్నం తింటూనే తగ్గినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి.

రాయగడ మాస్టారు:
బాబూ, డాక్టరు మాటే వినండి, డబ్బాల జోలికి పోకండి. హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడా అదే, వారానికి అర కిలో చొప్పున తగ్గడం క్షేమం, ఎంత డైటింగ్ అయినా రోజుకి వెయ్యి కేలరీల కంటే తక్కువ తినకూడదు అని. లెక్క వేసి చూడండి. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు తక్కువ పడాలి. వారానికి అర కిలో అంటే రోజుకి ఓ 550. అదే నెలకి ఏడు కిలోల కొవ్వు పోవాలంటే రోజుకి 1800 తక్కువ పడాలి, మీ అమ్మగారి వయసు ఆడమనిషి రోజంతా తినేదే దాదాపు అంత! మరి ఆ ఏడు కిలోలు ఎక్కడివి? మొదట నీరు పోతుంది, తర్వాత కండ పోతుంది. గబగబా తగ్గినవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు రావడం డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే.

అన్నం మానక్కర్లేదు. 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల తిండికి ధాన్యం 250 గ్రాములు ఉంది, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400. మన ఇళ్లల్లో ఇది తిరగబడి ఉంటుంది, అన్నం కొండంత, కూర గరిటెడు. మధ్యాహ్నం దాల్మా చేయించండి. కందిపప్పులో అరటికాయ, గుమ్మడికాయ, బొప్పాయికాయ, వంకాయ అన్నీ పడతాయి, నూనె పోపుకి తప్ప అక్కర్లేదు. రాత్రికి సంతులా, అంటే తక్కువ నూనెతో ఉడికించిన కూరగాయలు. మన ఒడియా ఇరుగుపొరుగు రోజూ చేసుకునేవే ఇవన్నీ, కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. నేను రాత్రి అన్నం బదులు రెండు ఫుల్కాలు, సంతులా తింటున్నాను. పాత ప్యాంట్లన్నీ నడుం దగ్గర కుట్టించుకోవాల్సి వచ్చింది.

జయపురం కుర్రాడు:
చోడి (రాగి) అంబలి తాగించండి. ఒంట్లో కొవ్వంతా దిగిపోతుంది.

బరంపురం పట్టుచీర:
నేను ఒప్పుకోను మాస్టారూ. "మెల్లగా" అన్న మాట మా ఇంట్లో చాలా ఏళ్లు విన్నాను. మా నాన్నగారు ప్రతి సంక్రాంతికీ ఇంక తగ్గిస్తాను అనేవారు, ఓ వారం తగ్గించేవారు, తర్వాత ఒక పెళ్లి, ఒక వ్రతం, మళ్లీ మామూలే. మేం చూపించుకునే డాక్టరు కూడా పర్లేదు మెల్లగా తగ్గుతారులెండి అనేవాడు. చివరికి షుగరు వచ్చింది. అప్పుడు అన్నం మానేసి చపాతీలకి మారితేనే కంట్రోల్లోకి వచ్చింది. ఆ తర్వాత నేను కూడా అన్నం మానేశాను, తగ్గాను. కొంచెం కొంచెం అనేవాళ్లు ఎప్పటికీ తగ్గరు.

రాయగడ మాస్టారు:
అమ్మా, చపాతీ ఏమైనా గాలితో చేస్తారా? వంద గ్రాముల గోధుమపిండిలో, వంద గ్రాముల బియ్యంలో కేలరీలు ఇంచుమించు ఒకటే. గోధుమపిండిలో పీచు కొంచెం ఎక్కువ ఉంటుంది, అది మంచిదే. మీ నాన్నగారికి పనిచేసింది చపాతీ కాదు, లెక్క. నాలుగు చపాతీలు నాలుగే, అన్నానికి ఆ లెక్క ఉండదు, మారు వడ్డిస్తూనే ఉంటారు. జయపురం తమ్ముడికి కూడా ఇదే మాట. వంద గ్రాముల చోడిపిండిలో 320 పైచిలుకు కేలరీలు, బియ్యంలో 350. కొవ్వు దింపే మందు ఏదీ చోళ్లలో లేదు.

ఇంకో ముఖ్యమైన మాట, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఒక్కసారిగా అన్నం మానేయకండి, షుగరు పడిపోయి కళ్లు తిరగొచ్చు.

జయపురం కుర్రాడు:
మాస్టారూ మా కొండ ఊళ్లల్లో తరతరాలుగా మాండియా (చోడి అంబలి) తాగి బతికారు, ఒక్కడికి పొట్ట చూపించండి. మొన్న 2023లో ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంది, ఒడిశాలో 2017 నుంచి చిరుధాన్యాల పథకం నడుస్తోంది, కోరాపుట్ వైపు రేషన్లో కూడా చోళ్లు ఇచ్చారు. ఇన్నాళ్లూ ఇది పేదోళ్ల తిండని నవ్వారు. ఇప్పుడేమో ఇందులో ఏమీ లేదంటారా?

రాయగడ మాస్టారు:
ఏమీ లేదని నేను ఎక్కడన్నాను? కాల్షియం దండిగా ఉంది, వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే, బియ్యంలో ఉండేది దానికి ఏ మూలకీ రాదు. పీచుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. నేనన్నది కేలరీల మాట ఒక్కటే. అంబలి పల్చగా కాచుకుంటారు, గ్లాసు అంబలిలో పిండి తక్కువ నీళ్లు ఎక్కువ, అందుకే తగ్గుతారు. మీ ఊళ్లో పొట్టలు లేకపోవడానికి కొండ ఎక్కి దిగడం కూడా కారణమే. అంబలి తాగి మళ్లీ పళ్లెం నిండా అన్నం తింటే బరువు పెరుగుతుంది, చోళ్లయినా సరే.

ఇచ్ఛాపురం దారి:
బీపీ అన్నారు కాబట్టి ఉప్పు సంగతి మర్చిపోకండి. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు. చద్దన్నం తప్పు కాదు, పక్కన నంజుకునే ఉప్పుచేప, ఊరగాయ, అప్పడం, వీటితోనే వచ్చింది చిక్కు.

బరంపురం పట్టుచీర:
మాస్టారూ మీరు ప్రతిదానికీ కేలరీ లెక్కలు తీస్తారు. మనుషులు లెక్కలు చూసుకుని తింటారా? నేను అడిగేది ఒక్కటే, ఇంటి నిండా అన్నం ఉన్నప్పుడు "కొంచెం" దగ్గర ఆగినవాళ్లని ఎంతమందిని చూశారు మీరు?

రాయగడ మాస్టారు:
నన్ను నేను చూసుకున్నాను, చాలదా. మనసు గట్టిగా ఉంటే అయ్యే పని. రాత్రి రెండు ఫుల్కాలు, అంతే, మూడోది ముట్టను.

గుణుపూర్ వదిన:
మొదట్నించీ చదువుతున్నాను. ఒక్క ప్రశ్న. ఆ రెండు ఫుల్కాలు ఎవరు చేస్తున్నారు మాస్టారూ?

రాయగడ మాస్టారు:
ఇంట్లో చేస్తారు. ఈ చర్చకి దానితో ఏం సంబంధం?

గుణుపూర్ వదిన:
అదే సంబంధం. మా ఆయన కూడా మీలాగే రాత్రి ఫుల్కాలకి మారారు. అందరికీ అన్నం, ఆయనకి ఫుల్కాలు, వేడిగా ఉంటే తప్ప తినరు కాబట్టి ఆయన కూర్చున్నాకే పెనం పెట్టాలి. ఆయన డైటింగ్ అంటే నాకు రెండో వంట. అత్తగారు, పిల్లలు, ఆయన అందరూ తిన్నాక నేను కూర్చునేసరికి పదిన్నర. దాల్మాలో ముక్కలన్నీ అప్పటికే వడ్డించేసి ఉంటాను. గరిటె పెట్టి తిప్పితే నాకు వచ్చేది పప్పునీళ్లు, గిన్నెకి అంటుకున్న గుమ్మడికాయ తొక్క. అన్నం మాత్రం మిగులుతుంది, రోజూ మిగులుతుంది, ఎందుకంటే తక్కువ వండితే చుట్టాలొస్తే ఎలా అంటారు అత్తగారు. పారేయడం పాపం. "నువ్వు తినేసెయ్" అంటారు. రెండు పిడికిళ్లు ఎక్కువైనా తినేసి గిన్నె తోమేసి పడుకుంటాను. ఆయన తగ్గారు, నేను పెరిగాను. ఇప్పుడు చెప్పండి, మీ 400 గ్రాముల కూర నా పళ్లెంలోకి ఎలా రావాలి? నా మనసు గట్టిగా లేకనా?

రాయగడ మాస్టారు:
క్షమించాలి, ఇది ఆరోగ్యం మీద చర్చ, అత్తాకోడళ్ల పంచాయితీ కాదు. మిగిలిన అన్నం తినమని ఎవరూ నోట్లో కుక్కరు. నేను మా ఇంట్లో ఎవరినీ కష్టపెట్టలేదు, మా ఆవిడ ఇష్టంగానే చేస్తుంది. తెలియకుండా నా ఇంటి మీద మాట్లాడకండి.

గుణుపూర్ వదిన:
మీ ఇంటి గురించి నేనేమీ అనలేదు, నా ఇంటి గురించి చెప్పాను. పారేయొద్దు అని ఎదురుగా నిలబడి చూస్తుంటే నోట్లో కుక్కాల్సిన పని లేదు మాస్టారూ.

శ్రీకాకుళం అల్లుడు:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి, పాపం ఆ అబ్బాయి వాళ్లమ్మ గురించి అడిగాడు.

బరంపురం పట్టుచీర:
వదినా, మీరు చెప్పాక నాకు చెప్పబుద్ధేస్తోంది. నేను అన్నం పూర్తిగా మానేయడానికి కారణం కూడా ఇదే, కేలరీలు కాదు. తగ్గించుకుంటాను అంటే మా ఇంట్లో ఎవరూ ఊరుకోలేదు. ఇంకో రెండు ముద్దలు తింటే ఏమవుతుంది, పిల్లతల్లివి నీరసం వస్తుంది, చారన్నమైనా తిను అని వడ్డించేసేవాళ్లు. పళ్లెంలో పడ్డాక వదలకూడదు కదా. అదే అస్సలు తినను అన్నాక శనివారం ఒంటిపొద్దు ఉన్నవాళ్లని ఎలా బలవంతపెట్టరో అలా వదిలేశారు. మానేస్తే అది నియమం, తగ్గిస్తే అందరికీ బేరం. మాస్టారు తగ్గించుకోగలిగారంటే ఆయన రెండే చాలు అంటే ఇంట్లో రెండే వేస్తారు కాబట్టి. మెల్లగా తగ్గడం తప్పని నేను అనడం లేదిప్పుడు. మాకు దొరకదు అంటున్నాను.

రాయగడ మాస్టారు:
పద్ధతి తప్పు కానప్పుడు పద్ధతినే అంటారేమిటి అందరూ? వారానికి అర కిలో అన్నది మగవాడికైనా ఆడమనిషికైనా ఒకటే. ఇంట్లో ఒప్పుకోకపోతే ఒప్పించుకోవాలి. దానికి కడుపు మాడ్చుకోవడం మందు కాదు. చపాతీలతో పాటు పప్పు, గుడ్డు, చేప సరిగ్గా తినకుండా ఉంటే కండ పోతుందమ్మా, మీ మంచికే చెబుతున్నాను.

గుణుపూర్ వదిన:
ఒప్పించాల్సింది ఎవరు? రాత్రి అన్నం ఎంత వండాలో మీ అమ్మగారికి మీరు ఎప్పుడైనా చెప్పారా, లేక అది కూడా మీ ఆవిడే చెప్పుకోవాలా?

పర్లాకిమిడి చిన్నోడు:
మాస్టారూ, వదినా, ఇద్దరికీ దండం. మా ఇంట్లో వండేది అమ్మే, ఆఖర్న తినేది కూడా అమ్మే. నేను ఇంతవరకు గమనించలేదు ఆవిడ పళ్లెంలో ఏముంటుందో. ఇంతకీ మొదట ఏం చెయ్యమంటారు?

గుణుపూర్ వదిన:
బాబూ, వడ్డన మొదలుపెట్టకముందే అమ్మ పళ్లెం తీసి మూత పెట్టించు. సగం కూర ముక్కలు, పక్కన పప్పు, మిగతా చోట్లో అన్నం. నాకు తెలిసి అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. బియ్యం గ్లాసు పెట్టి కొలిచి పోయమను. మిగిలిందంటే నీళ్లు పోసి ఉంచండి, పొద్దున్న పఖాళ అందరూ తినండి, నువ్వూ నాన్నా కూడా. ఉల్లిపాయ, కాస్త పెరుగు చాలు, ఊరగాయ వద్దు. మిగిలింది అమ్మ ఒక్కర్తే తినాలని ఎక్కడా లేదు. రాత్రి తొమ్మిదిలోపు అందరూ ఒకేసారి కూర్చోండి.

రాయగడ మాస్టారు:
పళ్లెం ముందు తీసి పెట్టడం మంచి మాటే, కాదనను. దానికి ఒకటి కలపండి. నూనె సీసా పొయ్యి పక్కన ఉంచకుండా మనిషికి రోజుకి రెండు పెద్ద చెంచాల (టేబుల్ స్పూన్ల) లోపు, అంటే 27 గ్రాములకి మించకుండా నెలకింత అని కొనండి. పఖాళ చల్లని అన్నమే కానీ అన్నమే, గిన్నెడు అంటే గిన్నెడు లెక్కలోకి వస్తుంది. బరువు వారానికి ఒకసారి పొద్దున్నే చూసుకోమనండి, రోజూ చూస్తే ఊరికే టెన్షన్. నడుం కూడా టేపుతో కొలవండి, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

జయపురం కుర్రాడు:
పొద్దున్న పఖాళ బదులు వారంలో నాలుగు రోజులు అంబలి పెట్టుకున్నా సరిపోతుంది కదా మాస్టారూ, దీనికైనా ఒప్పుకోండి.

రాయగడ మాస్టారు:
దానికి నేనెప్పుడూ అడ్డం చెప్పలేదు తమ్ముడూ.

పర్లాకిమిడి చిన్నోడు:
బావకి ఫోన్ చేసి డబ్బాలు వద్దని చెప్పేశాను, కోపమొచ్చింది, రానీ. అమ్మతో పళ్లెం సంగతి చెప్పాను. "మీ నాన్న తినకముందు నా పళ్లెం తీసి పెట్టుకోవడమేంట్రా" అంది. సాయంత్రం నాన్న షాపు మూసి వచ్చాక ఆయనతో మాట్లాడతాను.