ఐఫోన్‌కి మారితే యాప్స్ సంగతి చూస్కోవాల్నా, రెండిట్ల అన్నీ ఉంటయా?

మందులకొట్టు, వరంగల్:
అన్నలూ ఒక డౌట్. మాది చిన్న మెడికల్ షాపు. నా ఆండ్రాయిడ్ ఫోన్ బ్యాటరీ ఉబ్బింది, కొత్తది తీస్కోవాలె. మా ఇంటామె ఐఫోన్ పాత మోడల్ ఆఫర్ల వస్తుంది తీస్కో, ఫొటోలు మంచిగొస్తయి అంటది, మా బామ్మర్దేమో ఐఫోన్‌ల యాప్స్ తక్కువ నీకు పనికిరాదు అంటున్నడు. నేను వాడేది వాట్సాప్, ఫోన్‌పే, యూట్యూబ్, బ్యాంక్ యాప్, షాపుల బిల్లింగ్ యాప్, గంతే. గిన్నిటికి ప్లాట్‌ఫామ్ తేడా పడ్తదా?

గోదారిగట్టు:
ఏం పడదండి. మీరు చెప్పినవన్నీ రెండిట్లోనూ ఉన్నాయి. భీమ్ యాప్ 2016 డిసెంబర్ చివర్లో ముందు ఆండ్రాయిడ్‌కే వచ్చింది, 2017 ఫిబ్రవరికల్లా ఐఫోన్‌కీ వచ్చేసింది, జనానికి కావాల్సిన యాప్ ఏదైనా ఇప్పుడు అంతే. మా ఆంధ్రాలో 2025 నుంచి మన మిత్ర అని సర్కారు సర్వీసులే వాట్సాప్‌లోకి వచ్చేశాయి, ఇక ఫోన్ ఏదైతే ఏంటి? రేటు, రిపేరు ఖర్చు చూసుకోండి చాలు. అన్నట్టు ఆ ఉబ్బిన ఫోన్ ఛార్జింగ్ పెట్టకండి బాబూ.

పాతలూమియా:
యాప్స్ లెక్కలోకి రావు అనేవాళ్ళు ఒక్కసారి మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ ఫోన్‌ని గుర్తు తెచ్చుకోండి. 2010లో వచ్చింది, ఫోన్ స్మూత్‌గా ఉండేది, అందులో నోకియా లూమియా మోడల్స్ కెమెరాలకి ఇప్పటికీ ఫ్యాన్స్ ఉన్నారు. కానీ గూగుల్ దానికి సరైన యూట్యూబ్ యాప్ చెయ్యలేదు, 2013లో మైక్రోసాఫ్టే సొంతంగా ఒకటి చేసుకుంటే గూగుల్ దాన్ని బ్లాక్ చేసింది. ఇన్‌స్టాగ్రామ్ ఐఫోన్‌కి 2010లో, ఆండ్రాయిడ్‌కి 2012లో వస్తే విండోస్ ఫోన్‌కి 2013 నవంబర్‌లో, అదీ బీటా, అంటే ట్రయల్ వెర్షన్. స్టోర్‌లో లక్షల యాప్స్ అని ప్రకటనలు ఇచ్చేవాళ్ళు, జనం అడిగేవేమో అందులో ఉండవు. వాడేవాళ్ళు లేరని డెవలపర్లు రారు, యాప్స్ లేవని వాడేవాళ్ళు రారు, చివరికి 2019 డిసెంబర్ 31తో వాట్సాప్ కూడా ఆ ఫోన్లలో పనిచెయ్యడం ఆపేసింది. చైనా కంపెనీ హువావే సంగతి ఇంకోరకం, 2019లో అమెరికా ఆంక్షల తర్వాత కొత్త ఫోన్లలో గూగుల్ సర్వీసులు పోయాయి, చైనాలో ఎవడూ పట్టించుకోలేదు ఎందుకంటే అక్కడ ముందు నుంచీ గూగుల్ లేదు, వాళ్ళకి వాట్సాప్ లాంటి వీచాట్ ఉంటే చాలు, యూరప్‌లో మాత్రం అదే ఫోన్ కొనడానికి జనం వెనకాడారు. అంటే స్టోర్‌లో మొత్తం ఎన్ని యాప్స్ ఉన్నాయన్నది కాదు, మీ ఊళ్ళో మీ పనికి కావాల్సిన నాలుగూ ఉన్నాయా లేవా అన్నది చూసుకోవాలి.

గోదారిగట్టు:
అది పాత కథ గురూ, ఇప్పుడు మిగిలింది రెండే కదా.

వైరు_స్క్రూడ్రైవర్:
రెండే మిగిలినా తేడా ఉంది. స్టోర్‌లో పేరు కనపడితే సరిపోదు, ఆ యాప్‌ని ఫోన్ ఏం చెయ్యనిస్తుందో చూడాలి. బ్యాంక్ మెసేజ్‌లు చదివి నెల ఖర్చు లెక్కేసే యాప్స్ ఉంటాయి కదా, ఐఫోన్‌లో ఆ పని కుదరదు, యాప్స్‌కి ఇన్‌బాక్స్ చదివే పర్మిషనే లేదు. కొందరికి అదే నచ్చుతుంది, నాక్కూడా.

మందులకొట్టు గారు, అసలు విషయం మీరు చెప్పలేదు, బిల్లు దేని మీద తీస్తున్నారు? చిన్న బ్లూటూత్ థర్మల్ ప్రింటర్ అయితే ఆగండి. తక్కువ రేటు ప్రింటర్లు చాలావరకు పాత పద్ధతి బ్లూటూత్ మీద నడుస్తాయి, ఎస్‌పీపీ అంటారు. ఆండ్రాయిడ్‌లో పెయిర్ చేసి 0000 కొడితే పని అయిపోతుంది. ఐఫోన్‌లో అయితే, ప్రింటర్‌కి బీఎల్‌ఈ అనే కొత్త రకం బ్లూటూత్ ఉన్నదో, ఆపిల్ సర్టిఫికెట్ ఉన్నదో అయితేనే యాప్ దాంతో మాట్లాడగలదు, లేకపోతే బిల్లింగ్ యాప్ బ్రహ్మాండంగా ఓపెన్ అవుతుంది, బిల్లు తయారవుతుంది, కాగితం మాత్రం రాదు. ప్రింటర్ డబ్బా మీద ఏం రాసుందో చూడండి.

ఇంకోటి, బిల్లింగ్ యాప్‌కి ప్లే స్టోర్‌లో డబ్బులు కట్టి ఉంటే అది ఐఫోన్‌కి దానంతటదే వస్తుందనుకోకండి, కంపెనీ వాళ్ళని అడగండి.

మందులకొట్టు, వరంగల్:
అన్నా మంచిగ చెప్పినవ్. డబ్బా దొరికింది, ఆండ్రాయిడ్ బొమ్మ, విండోస్ బొమ్మ ఉన్నయి, ఆపిల్ బొమ్మ లేదు. వాట్సాప్ రెండు నంబర్లు కూడ కావాలె, ఒకటి ఇంటిది, ఒకటి షాపుది.

వైరు_స్క్రూడ్రైవర్:
వాట్సాప్‌కి ఇబ్బంది లేదు, షాపు నంబర్ వాట్సాప్ బిజినెస్‌లో పెట్టండి, అది వేరే యాప్, ఐఫోన్‌లోనూ ఉంది. ప్రింటర్‌కి మాత్రం డబ్బా మీద బొమ్మ లేకపోయినా ఒక్కోసారి పని చేస్తుంది, తెలిసినవాళ్ళ ఐఫోన్ ఒక గంట అడిగి తెచ్చి, మీ బిల్లింగ్ యాప్ వేసి కౌంటర్ మీదే ఒక బిల్లు కొట్టి చూడండి. రాకపోతే కొత్త ప్రింటర్ ఖర్చు కూడా ఫోన్ రేటులో కలుపుకోండి.

పాతలూమియా:
లేదా ఐఫోన్ మేడం గారికి, ఆండ్రాయిడ్ కౌంటర్‌కి.

మందులకొట్టు, వరంగల్:
గామాట ఇంట్ల చెప్పకు అన్నా, రెండూ కొనమంటది. పక్క మొబైల్ షాపాయన దగ్గర ఐఫోన్ ఉన్నది, రేపు పొద్దున గిరాకీ లేనప్పుడు తెచ్చి బిల్లు కొట్టి చూస్త.