డార్లింగ్‌హర్స్ట్ పాత కోర్టు: కోర్టుగానే ఉంచాలా, మ్యూజియం చెయ్యాలా?

సర్రీహిల్స్‌వాసి:
సిడ్నీలో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీద, టేలర్ స్క్వేర్ దగ్గరున్న ఇసుకరాతి కోర్టు గురించి అడుగుతున్నాను. 1840ల నాటి కట్టడం. చుట్టుపక్కల పేటంతా మారిపోతోంది, పాత షాపులు పోయి కొత్తవి వస్తున్నాయి. కోర్టు లేని వేళల్లో మాత్రం ఆ మూల బోసిగా ఉంటుంది. గ్యాలరీగానో మ్యూజియంగానో మారిస్తే అందరూ చూస్తారు కదా?

పాతరాయి:
నేను ఒప్పుకోనండి. పక్కనున్న రెండు కట్టడాలు చూడండి. 1841 నుంచి 1914 దాకా జైలుగా ఉన్నది ఇప్పుడు నేషనల్ ఆర్ట్ స్కూల్. పాత పోలీస్ స్టేషన్ 2024లో క్యూటోపియా మ్యూజియం అయింది. అది సరైన పనే. 1978లో స్వలింగ సంపర్కుల హక్కుల కోసం జరిగిన తొలి మార్డిగ్రా ఊరేగింపు రాత్రి 53 మందిని అరెస్టు చేసినప్పుడు, పట్టుకున్నవాళ్లను తీసుకెళ్లింది ఆ స్టేషన్‌కే. ఆ బాధ అక్కడే చెప్పాలి.

కానీ జైలు, స్టేషన్, కోర్టు మూడూ ఒకదానికొకటి ముడిపడ్డవి. జైలు నుంచి ముద్దాయిల్ని కోర్టులోకి తేవడానికి నేల కింద సొరంగం కూడా తవ్వారు. రెండు ఇప్పటికే పాత పని వదిలేశాయి. మూడోదీ వదిలేస్తే అక్కడ మిగిలేవి బోర్డుల మీద రాసిన కథలే.

అందరూ చూడాలంటారా, ఇప్పుడూ చూడొచ్చు. బహిరంగ విచారణ జరిగే రోజు ఎవరైనా లోపలికెళ్లి వెనక కూర్చోవచ్చు, టికెట్ లేదు. వాస్తుశిల్పి మోర్టిమర్ లూయిస్ ఈ కోర్టును గ్రీకు గుడిలా డోరిక్ స్తంభాలతో కట్టించింది ఆ గంభీరత కోసమే. ఒక మనిషి జీవితం తేలిపోతున్న గదిలో నిశ్శబ్దంగా కూర్చుంటే కలిగే భయం, గౌరవం అద్దాల పెట్టెల మధ్య కలగవు.

ఇంకోటి. ఇసుకరాయి మెత్తన. తేమ, ఉప్పు పట్టి పొరలుగా రాలుతుంది. రోజూ పని జరిగే చోట నీళ్లు కారితే వెంటనే తెలుస్తుంది.

గోదారిబిడ్డ:
పాతరాయి గారూ, మీ మాట బాగుంది. కానీ మా అత్తగారికి సాక్ష్యం చెప్పాల్సి వచ్చి ఒక పాత కోర్టుకి తీసుకెళ్లాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కలేక ఏడ్చేసింది. పాత గోడల అందం కోసం మనుషుల్ని ఇబ్బంది పెట్టకూడదు కదండీ. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున అంత చక్కని హైకోర్టు ఉన్నా, 2024లో రాజేంద్రనగర్‌లో కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. చోటు చాలకపోతే ఏం చేస్తారు?

పాతరాయి:
అత్తగారి విషయంలో మీరన్నదే న్యాయం. ర్యాంపు, లిఫ్టు పెట్టడానికి రాతిని కొంత కొయ్యాల్సి వస్తే కొయ్యనివ్వాలి, నేను అడ్డుచెప్పను. 1880లలో వాస్తుశిల్పి జేమ్స్ బార్నెట్ ఈ కోర్టుకి రెండు పక్కలా కొత్త భాగాలు చేర్చాడు, కోర్టు కోర్టుగానే నిలిచింది. చోటు చాలకపోతే పెద్ద కేసులు వేరే చోటికి పంపొచ్చు, చిన్నవి ఇక్కడ నడపొచ్చు.

సర్రీహిల్స్‌వాసి:
సొరంగం సంగతి నాకు తెలీదండీ. అయితే శని, ఆదివారాలు ముందున్న పచ్చిక, లోపలి హాళ్లు జనానికి తెరవమని అడుగుదాం. అలాగైతే కోర్టుగా ఉండటానికి నాకు అభ్యంతరం లేదు.